మునిగిన బండి అమ్మబడును

ఆ వీధిలో ఆమెను అందరూ పళ్ళక్క అనేవారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, సంచీ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, "డజను ఎంతండీ?" అని అడిగిన సందర్భాలు రెండు మూడు ఉన్నాయి. ఆమె విసుక్కునేది కాదు. "నా దగ్గర తినే పళ్ళు లేవండీ, తినడానికి పెట్టుకునే పళ్ళున్నాయి" అనేది. వాళ్ళకు అర్థమయ్యేలోపు తలుపు వేసుకునేది.

ఆమె కట్టుడుపళ్ళు చేసే మనిషి. పంటి డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి, డబ్బాల్లో పెట్టి ల్యాబుకు పంపేవారు. ఆమె వాటిలో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక పైకి తీసి, దాని మీద మైనం పరిచి ఒక్కొక్క పన్నూ నిలబెట్టేది. తర్వాత ఆ మైనం కరిగించి, దాని చోట చిగుళ్ళ రంగు ముద్ద నింపి ఉడికించేది. చివర అరగదీసి నునుపు పెట్టేది. ఇరవై ఆరేళ్ళలో కొన్ని వేల నోళ్ళు ఆమె చేతుల మీదుగా వెళ్ళాయి. ఒక్కరి ముఖమూ చూడలేదు. డబ్బా మీద ఒక అంకె, ఒక వయసు, ఆడో మగో తెలిపే ఒక అక్షరం, అంతే. దవడను బట్టి మాత్రం కొన్ని సంగతులు చెప్పగలిగేది. ఈయన నిద్రలో పళ్ళు కొరికేవాడు, ఈమె ఒక పక్కతోనే నమిలేది, ఈ పెద్దాయన పళ్ళు పోయి చాలా ఏళ్ళయినా ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో చప్పుడుకు లోటుండేది కాదు. అమ్మకు చెవుడు. టీవీ వీధి చివరిదాకా వినిపించేది. తల్లీకూతుళ్ళు ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ కూరగాయల ధరలు మాట్లాడుకునేవారు. కింద ఉండే ఇంటావిడ మొదట్లో పోట్లాట అనుకుని పైకి పరుగెత్తుకొచ్చింది కూడా. అమ్మ పోయాక పళ్ళక్క మామూలు గొంతుతో మాట్లాడడం మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్చుకున్నాక చూస్తే మాట్లాడడానికి మనిషి లేదు. ముప్పయ్యో ఏట ఒక సంబంధం ఖాయమైనట్టే అయి తప్పిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. ఒక తమ్ముడున్నాడు. అదే నగరంలో, ఆ చివర.

ఆమెకు నలభై తొమ్మిదో ఏడు నడుస్తుండగా ల్యాబు యజమాని అద్దె పెరిగిందని ల్యాబును ఊరి బయట గోదాముల మధ్యకు మార్చేశాడు. అంతకుముందు పది నిమిషాల నడక. ఇప్పుడు రెండు బస్సులు మారాలి. రెండో బస్సు దిగాక కూడా లారీలు పోయే రోడ్డు అంచున రెండు కిలోమీటర్లు నడవాలి. అక్కడ కాలిబాట లేదు. చీకటి పడితే లారీ లైట్ల వెలుగులో తన నీడ ముందుకు సాగి, పక్కకు జారి, వెనక్కి పోయేది. ఒకరోజు ఒక లారీ చీర కొంగును తాకినంత దగ్గరగా వెళ్ళింది. ఆమె ఇంటికి వచ్చి చాలాసేపు గ్లాసు పట్టుకోలేకపోయింది. చేతులు వణికితే పళ్ళు నిలబెట్టడం కుదరదు. మర్నాడే వెళ్ళి డ్రైవింగ్ నేర్చుకోవడానికి పేరు రాయించుకుంది.

లైసెన్సు చేతికి వచ్చాక, చిన్న కారు, పాతదైనా పర్వాలేదు అనుకుని, పాత కార్ల ప్రకటనలు వచ్చే యాప్ ఒకటి ఫోన్లో పెట్టుకుంది.

మొదట్లో ఆమెకు ఆ ప్రకటనలు చదవడం బాగుండేది. అన్నీ మంచి బండ్లే. అందరూ మంచివాళ్ళే. 'ఒకే యజమాని.' 'డాక్టరుగారు వాడిన బండి.' 'మేడంగారు ఆఫీసుకు మాత్రమే వాడారు.' 'గీత పడలేదు, గొడవ లేదు.' ఇంత మంచి బండిని ఎందుకు అమ్ముతున్నారో అనిపించేది గానీ, తనలాంటివాళ్ళ కోసమే కాబోలు అనుకుంది.

ఆదివారాలు బయలుదేరేది. మొదటి బండి కోసం గంటన్నర ప్రయాణం చేసి వెళ్తే, "అయ్యో, నిన్ననే అమ్మేశాం మేడం, ఫోన్లో చెప్పలేదా?" అన్నాడు పొద్దున ఫోన్లో రమ్మన్నవాడే. "దానికంటే మంచిది ఇంకోటి ఉంది, చూడండి" అని సందులోకి తీసుకెళ్ళాడు. అక్కడ రేకుల షెడ్డు కింద ముప్పై బండ్లున్నాయి. ఒకే యజమాని అంటే ఈ ముప్పయ్యింటికీ ఇతనొక్కడేనన్నమాట అనుకుంటూ వెనక్కి వచ్చింది. రెండో బండి ఫొటోలో ఎర్రగా ఉంది, ఎదురుగా చూస్తే ఒక తలుపు వేరే ఎరుపు. మూడోది నలభై వేల కిలోమీటర్లే తిరిగిందని మీటరు చెబుతోంది, బ్రేకు పెడలు మీద రబ్బరు అరిగి ఇనుము తేలింది. అరుగుదల సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ పాదం ఎన్నేళ్ళు తొక్కిందో చూడగానే తెలిసింది.

వాళ్ళందరిలో ఒకటే మాట.

"మీతో ఎవరూ రాలేదా మేడం?"

"సార్ రాలేదా?"

"బండి ఎవరు చూస్తారు? మగవాళ్ళని ఎవరినైనా తీసుకురండి, మాట్లాడుకుందాం."

తమ్ముడికి ఫోన్ చేసింది. "ఈ ఆదివారం తప్పకుండా వస్తానక్కా" అన్నాడు. ఆ ఆదివారం అత్తగారికి నలతగా ఉంది. తర్వాతి ఆదివారం పాపకు పరీక్ష. మూడో ఆదివారం అతను ఫోనే ఎత్తలేదు. నాలుగోసారి ఆమే చేయలేదు. ఎవరైనా అడిగితే, "మా తమ్ముడు దారిలో ఉన్నాడండీ, వచ్చేస్తున్నాడు" అనడం అలవాటు చేసుకుంది. బండి చూస్తూ మధ్యమధ్య రోడ్డు వైపు చూసేది కూడా. కొన్నిసార్లు నిజంగానే ఎవరో వస్తున్నారేమో అన్నంత బాగా చూసేది.

అలా రెండు నెలలు గడిచాక, ఒక అపార్ట్‌మెంటు కింద పార్కింగులో బూడిదరంగు కారొకటి చూడడానికి వెళ్ళింది. భార్యాభర్తలు. భర్త చదువుకున్న మనిషిలా ఉన్నాడు, తక్కువ మాట్లాడాడు. భార్య ఎదురొచ్చి, "రండి వదినా, ఎండలో వచ్చారు" అని కుర్చీ వేసింది. ఫ్లాస్కులోంచి టీ వంచి ఇచ్చింది. "తాగాకే చూడండి, బండి ఎక్కడికీ పారిపోదు" అని నవ్వింది.

ఎవరితో వచ్చారని అడగలేదు. అంతవరకూ ఆ మాట అడగని అమ్మకందారు ఆమె ఒక్కతే.

"మా అత్తయ్య మా దగ్గరికి వచ్చేస్తున్నారు. ఆవిడకు కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం కష్టం. అందుకే పెద్ద బండి కొంటున్నాం. దీన్ని ఇవ్వాలంటే మనసొప్పడం లేదు వదినా. నిన్న ఇద్దరు బ్రోకర్లు వచ్చారు, ఇవ్వం పొమ్మన్నాం. ఎవరో ఒక ఇంటి మనిషికి ఇస్తే దాని బాగోగులు చూసుకుంటారని మా ఆయనతో అంటూనే ఉన్నా."

"మీ మెకానిక్‌ని తెచ్చి చూపించుకోండి, మొహమాటపడకండి" అన్నాడు భర్త.

అతనలా అన్నాక చూపించడం బాగుండదనిపించింది. బండి లోపల మల్లెపూల సెంటు వాసన గుప్పుమంది. సీట్లు కొత్తగా కుట్టించారు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. బేరం కూడా పెద్దగా ఆడలేదు. సంతకాలయ్యాక ఆ భార్య ఆమె చెయ్యి పట్టుకుని, "జాగ్రత్తగా నడపండి వదినా, చేరగానే ఫోన్ చెయ్యండి" అంది. ఇంటికి చేరగానే చేయడానికి ఒక ఫోనుంది అని పళ్ళక్కకు దారంతా సంతోషంగా ఉంది. చేసింది కూడా. "చేరారా? మంచిది వదినా" అన్న గొంతు విని పడుకుంది.

మూడు వారాలు ఆ బండి బంగారంలా నడిచింది. ఆమె పొద్దున్నే లేచి తుడిచేది. పక్కసీటు మీద టిఫిన్ డబ్బా పెట్టుకునేది, మలుపుల్లో అది జారితే ఎడమచేత్తో ఆపేది. తాను నడిచిన రోడ్డు అంచును అద్దంలోంచి చూస్తూ పోవడం ఆమెకు ఎంతకీ విసుగు పుట్టలేదు. తర్వాత వాన పడింది. ఒక్క రాత్రి కురిసి ఆగింది. పొద్దున తలుపు తీస్తే మల్లెపూల వాసన లేదు, చెరువు అడుగు వాసన వచ్చింది. అద్దాల మీద లోపలివైపు చెమ్మ పట్టింది. దారిలో ఉండగా డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒకేసారి వెలిగాయి, వెంటనే ఆరాయి. వంతెన మధ్యలో బండి ఆగిపోయింది. వెనక వంద హారన్లు. ఒకాయన స్కూటరు మీద పక్కన ఆగి, "ఎందుకమ్మా రాకపోతే నడపడం?" అని వెళ్ళాడు.

తోసుకుంటూ తెచ్చిన బండిని చూసి మెకానిక్ ముందు ఇంజను మూత ఎత్తలేదు. ముక్కు ఎగబీల్చాడు. సీటు బోల్టులు విప్పి, కింద పరిచిన గుడ్డను ఒక మూల నుంచి చాప చుట్టినట్టు చుట్టాడు. దాని కింద సన్నటి బురద ఎండి, పెచ్చులుగా లేచి ఉంది. అతను స్క్రూడ్రైవరు కొనతో తలుపు లోపలివైపు ఒక గీత చూపించాడు.

"ఇక్కడిదాకా నీళ్ళొచ్చాయమ్మా. ఇది వరదలో మునిగిన బండి. ఒకపూట కాదు, రెండు మూడు రోజులు నానింది. వైర్లన్నీ లోపల పచ్చబడిపోయాయి. ఇవాళ ఇది బాగుచేస్తే రేపు ఇంకోటి పోతుంది."

"అయితే ఏం చెయ్యాలి?"

"ఎవరి దగ్గర కొన్నారో వాళ్ళని పట్టుకోండి."

ఆ ఫోను స్విచాఫ్. పళ్ళక్క రెండు బస్సులు మారి ఆ అపార్ట్‌మెంటుకు వెళ్ళింది. వాచ్‌మన్ తల గోక్కున్నాడు. "వాళ్ళిక్కడ ఉండరమ్మా. వచ్చినవాళ్ళ బండ్లు పెట్టే చోట రెండు గంటలు పెట్టుకుంటామన్నారు. కుర్చీ కూడా నాదే అడిగి తీసుకున్నారు" అన్నాడు. ఇల్లు పైనే ఉన్నవాళ్ళు టీ ఫ్లాస్కులో ఎందుకు తెస్తారన్నది ఆమెకు అప్పుడు తట్టింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయనేది వాళ్ళమ్మ. ఇక్కడ నానబోసే శ్రమ కూడా వాళ్ళే పడ్డారు.

పోలీసు స్టేషన్లో రాసుకునే మనిషి కాగితాలు తిరగేశాడు. "అన్నీ కరెక్టుగానే ఉన్నాయి కదమ్మా. మీరే చూసుకున్నారు, మీరే సంతకం పెట్టారు. మీ వెంట ఇంకెవరూ లేరా?" అన్నాడు. యాప్‌వాళ్ళకు రాస్తే వెంటనే జవాబొచ్చింది: మీ అభిప్రాయం మాకెంతో విలువైనది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు? తమ్ముడికి చెబితే, "నేను ముందే చెప్పాను కదక్కా" అన్నాడు.

"ఏం చెప్పావురా?"

"చూసి కొనమని."

ఇంటావిడ మాత్రం చాలాసేపు జాలిపడింది. జాలిపడి, చివరికి, అమ్మినవాళ్ళు దొరకలేదని తెలిశాక మెకానిక్ ఇచ్చిన సలహానే తానూ ఇచ్చింది. తమ్ముడు కూడా అదే అన్నాడు. ఎండలు వచ్చేదాకా ఆగు, అప్పుడు వాసన రాదు, గుడ్డ మార్పించు, సెంటు కొట్టు, యాప్‌లో పెట్టు, ఎవరో ఒకరు కొంటారు, అందరూ చేసేది అదే.

ఎండలు వచ్చాయి. పళ్ళక్క వాళ్ళు చెప్పినవన్నీ చేసింది. సెంటు దగ్గర మాత్రం మల్లె వద్దని నిమ్మ కొంది. ఫొటోలు తీసి, ఏం రాయాలో తోచక, అందరూ రాసేదే రాసింది: మంచి కండిషన్.

ఫోన్లు మొదలయ్యాయి. "బండి ఉందా?" ఉందంటే పెట్టేసేవారు. "లాస్ట్ ఎంతకిస్తారు?" అనేవారు కొందరు, బండి పేరు కూడా చూడకుండా. ఆదివారం పదకొండుకు వస్తామన్నవాళ్ళు ఆరుగురు. ఆమె ల్యాబులో చేసినంత శ్రద్ధగా బండి తుడిచి, మెట్ల మీద కూర్చునేది. మధ్యాహ్నం రెండింటిదాకా చూసి లోపలికి వెళ్ళేది. రాలేమని చెప్పాలని ఒక్కరికీ తోచలేదు.

ఏడోవాడు వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. వెంట వాళ్ళమ్మ ఉంది. వారానికి మూడుసార్లు ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళి, నాలుగు గంటలు మిషను మీద పడుకోబెట్టి, రక్తం శుభ్రం చేయించి తీసుకురావాలట. ఆటో కుదుపులు ఆమె తట్టుకోలేకపోతోందట. అతను బండి చుట్టూ తిరుగుతుంటే వాళ్ళమ్మ మెల్లగా వెనక సీటులో కూర్చుని, అరిచేత్తో సీటు నిమిరింది.

"మెత్తగా ఉందిరా. ఇందులో అయితే పడుకునే పోవచ్చు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కింది పళ్ళు టకటకమన్నాయి. వదులైన కట్టుడుపళ్ళ పలక. చిగుళ్ళు అరిగిపోయి పట్టు తప్పింది. పళ్ళక్క పనిలో ఎన్ని వేల పలకలు చూసిందో గానీ, ఒక మనిషి నోట్లో ఉండగా, ఆ మనిషి తన వైపు చూసి నవ్వుతుండగా చూడడం తక్కువ.

"బాగుంది మేడం. తీసుకుంటాం" అన్నాడు కొడుకు.

పళ్ళక్కకు వంతెన గుర్తొచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు వాన పడితే, ఈ పెద్దావిడ వెనక సీటులో పడుకుని ఉంటే.

"తీసుకోకండి" అంది.

"ఏంటి?"

"ఇది మునిగిన బండి. వానొస్తే ఆగిపోతుంది. తీసుకోకండి."

అతని ముఖం మెచ్చుకోలుగా మారుతుందని ఆమె అనుకుందేమో తెలియదు. అలా మారలేదు. "ఈ ముక్క ఫోన్లో చెప్పలేకపోయారా? ఆటోలో గంటన్నర తీసుకొచ్చాను మా అమ్మని. మీలాంటివాళ్ళ వల్లే కదా, అసలు ఎవర్నీ నమ్మలేకపోతున్నాం!" అని అరిచాడు. వీధిలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. వాళ్ళమ్మ, "పోనీలేరా, చెప్పింది కదా" అంటూ దిగబోయి దిగలేకపోయింది. పళ్ళక్క చెయ్యి అందించింది. కొడుకు ఆ చెయ్యి పక్కకు తీసి తానే దింపుకున్నాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. అతనన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

పైకి వెళ్ళి ప్రకటన తీసేసి, కొత్తది రాసింది. రాయడానికి గంట పట్టింది.

'మునిగిన బండి అమ్మబడును. ఎక్కడో వరదలో డ్యాష్‌బోర్డు సగం దాకా మునిగింది. తెలియక కొన్నాను. వానాకాలం లైట్లు వాటంతటవే వెలిగి ఆరుతాయి. రోడ్డు మధ్యలో రెండుసార్లు ఆగింది. కుడివైపు వెనక తలుపు లోపలినుంచి తెరుచుకోదు. పాటలు బాగా వస్తాయి.'

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్ మోగింది. "మేడం, ఆ మొదటి నాలుగు లైన్లు తీసేయండి, నేనే కొంటాను" అన్నాడొక బ్రోకరు. ఇంకొకతను ప్రకటనేమీ చదవకుండానే, "కండిషన్ ఎలా ఉందండీ?" అన్నాడు. "మునిగింది" అంది. "అది సరే, కండిషన్ ఎలా ఉంది?" అన్నాడు. మరొకతను ఏమీ అడగలేదు, కాసేపు నవ్వి పెట్టేశాడు. ఆమెకూ నవ్వొచ్చింది. ఒక్కర్తే నవ్వుకోవడం ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసింది.

నాలుగో రోజు నుంచి వేరేరకం ఫోన్లు రాసాగాయి. వీళ్ళకు బండి అక్కర్లేదు. "మీ యాడ్ చదివానండీ. నాకూ ఇలాగే అయింది" అని మొదలుపెట్టేవారు. ఒకాయన రెండు బండ్ల ముక్కలు అతికించిన బండి కొన్నాడు. ముందు సగం ఒకదానిది, వెనక సగం ఇంకోదానిది. ఒకతను కొన్న బండిని ఆరునెలల తర్వాత అసలు సొంతదారు వచ్చి తాళంచెవితో తీసుకుపోయాడు. ఇంట్లో చెబితే చివాట్లు, స్నేహితులకు చెబితే నవ్వులు. మోసపోయిన సంగతి చెప్పుకోవడానికి మనుషులకు చోటు లేదని పళ్ళక్కకు అప్పుడు తెలిసింది. ఆమె అడ్డురాకుండా వినేది. ఒకరిద్దరు చివర్లో, "మీ పేరేంటండీ?" అని కూడా అడక్కుండా, గుండె బరువు దిగిందన్నట్టు నిట్టూర్చి పెట్టేసేవారు.

ఒక సాయంత్రం ఫోన్ ఎత్తగానే ఒక ముసలి గొంతు చెవి పగిలేలా అరిచింది.

"ఏమ్మా! నీకు అమ్మినవాళ్ళు మొగుడూ పెళ్ళాలా?"

"అవునండీ."

"పెళ్ళాం తెగ మాట్లాడుతుంది, మొగుడు నోరు విప్పడు?"

"అవును!"

"నన్ను పిన్నీ అంది."

"నన్ను వదినా అంది."

"టీ ఫ్లాస్కులో పోసిందా?"

"ఎర్ర మూత ఫ్లాస్కు" అంది పళ్ళక్క. అవతల ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, దగ్గొచ్చేదాకా నవ్వింది. పళ్ళక్క కూడా నవ్వింది. ఆవిడకు చెవుడని తెలిసి గొంతు పెంచి మాట్లాడింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ గదిలో ఒక మనిషి అరిచి మాట్లాడింది. కింద ఇంటావిడ వచ్చి తలుపు కొట్టింది, "ఏమైంది?" అంటూ.

ఫోన్ చేసినావిడ ప్రభుత్వ ఆఫీసులో టైపు చేసి రిటైరైన మనిషి. మనవడికి బహుమతిగా ఇద్దామని బండి కొని మోసపోయిందట. ఇద్దరూ కలిసి స్టేషనుకు వెళ్ళారు. ఒకరు చెబితే ఏడుపు, ఇద్దరు చెబితే ఫిర్యాదు అన్నట్టు, ఈసారి వాళ్ళ మాట రాసుకున్నారు. ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చారు. టైపిస్టు అక్కడే నిలబడి, రాసినదాంట్లో మూడు అక్షరదోషాలు చూపించి దిద్దించింది. బయటికొచ్చి చెట్టుకింద నిలబడి అల్లం టీ తాగారు. ఆ దొంగ మొగుడి చొక్కా రంగు మీద పోట్లాడుకున్నారు. అప్పటినుంచి వారానికి రెండు మూడుసార్లు ఫోన్లు చేసుకున్నారు. రెండు నెలలకు స్టేషను నుంచి ఒక ఫొటో వచ్చింది, వీళ్ళేనా చూడమని. వాళ్ళు కాదు. ఎవరో నవ్వుతున్న వేరే దంపతులు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. ఇద్దరినీ కలిపింది ఒక మోసం. దాని మీద ఎన్నాళ్ళని మాట్లాడుకుంటారు? కోపం చల్లారేకొద్దీ మాటలూ అయిపోయాయి. టైపిస్టు ఒకసారి, "కంటికి ఆపరేషనుంది, అయ్యాక చేస్తా" అంది. చేయలేదు. పళ్ళక్క ఒకసారి చేసి, రింగు పోతుండగానే, పడుకుని ఉంటుందేమోనని పెట్టేసింది.

ఈలోపు బండికి మనిషి దొరికాడు. మెకానిక్ పని నేర్పే శిక్షణ కేంద్రంలో మాస్టారాయన. ఫోన్లో కాదు, ఏకంగా ఇంటికే వచ్చి, సీటు కిందకు దూరి, టార్చి వేసుకుని చూసి, బురద చేతుల్తో సంబరంగా బయటికొచ్చాడు.

"ఇలాంటిదాని కోసం ఏడాదిగా వెతుకుతున్నానండీ."

"ఇది నడవదండీ" అంది పళ్ళక్క, అతనికి అర్థం కాలేదేమోనని.

"నడిచేది నాకెందుకు? మా వాళ్ళకు పాఠం చెప్పడానికి కావాలి. ఊళ్ళో మునిగిన బండ్లు బోలెడున్నాయి. మునిగిందని ఒప్పుకునే మనిషే దొరకడు."

కొన్న ధరలో నాలుగో వంతు కూడా రాలేదు. ఆమె అడగనూ లేదు. బండిని తాడు కట్టి ఇంకో బండికి తగిలించి లాక్కెళ్ళారు. స్టీరింగు దగ్గర కూర్చున్న మాస్టారు మలుపులో చెయ్యి ఊపాడు. ప్రకటన గడువు ముగిసి దానంతటదే పోయింది. ఫోన్లు ఆగాయి. ఆమె మళ్ళీ రెండు బస్సులు మారి, లారీల రోడ్డు అంచున నడవసాగింది. చేతిలో టార్చి పట్టుకుని, దాన్ని వెనక్కి తిప్పి ఊపుతూ నడిచేది. చలికాలమంతా అలాగే గడిచింది.

చలి తగ్గాక మాస్టారు ఫోన్ చేశాడు. "మావాళ్ళు వైరింగు మొత్తం విప్పారండీ. అది ఎక్కడ ఎలా ఆగిందో మీ నోట వింటే బాగుంటుంది. ఒక పూట రాగలరా?"

ఆమె సెలవు పెట్టుకుని వెళ్ళింది. పెద్ద రేకుల హాలు. నేర్చుకునేవాళ్ళు కుర్రవాళ్ళు కారు. మూతపడిన బట్టల మిల్లులో పనిచేసి, నలభై దాటాక కొత్త పనికి వచ్చినవాళ్ళు, పద్నాలుగు మంది. అందులో ముగ్గురు ఆడవాళ్ళు. ఆమె బండి మధ్యలో ఉంది. తలుపులు లేవు, సీట్లు లేవు. డ్యాష్‌బోర్డు ఒక బల్ల మీద, దాని వైర్లు జుట్టు విరబోసినట్టు కిందికి వేలాడుతూ ఉన్నాయి. ప్రతి ముక్కకూ ఒక చీటీ కట్టారు. ఎవరో బాగా ఓపికగా పనిచేశారని ఆమెకు తెలిసింది. పనితనం ఎక్కడున్నా పనివాళ్ళకు కనబడుతుంది.

వాళ్ళు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ముందు ఏ లైటు ఆరింది? అప్పుడు వాన పడుతోందా, ఆగిపోయిందా? స్టీరింగు బిగుసుకుందా? ఇంత వివరంగా ఇంతవరకూ ఎవరూ ఆమెను ఏదీ అడగలేదు. మొదట తడబడింది, తర్వాత ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. కుడివైపు లైటు ముందు. వాసన దానికంటే ముందు.

"ఆగిపోయే ముందు చప్పుడెలా వచ్చింది?" అడిగిందొకామె, పుస్తకం పట్టుకుని.

పళ్ళక్క ఆలోచించింది. చెప్పడానికి మాట దొరకలేదు. పెదవులు బిగించి, "గుర్... గుర్... టక్. టక్. స్స్స్" అంది.

హాలంతా నవ్వింది. ఆమె నొచ్చుకోలేదు. "ఇంకోసారి అనండి" అన్నాడు మాస్టారు నవ్వకుండా. "చివర్లో స్స్ అన్నారే, అది పొడుగ్గా వచ్చిందా, ఆగి వచ్చిందా?" ఆమె ఇంకోసారి అంది. అప్పుడు వాళ్ళలో ఒకతను, "పంపు!" అన్నాడు. ఇంకొకామె, "కాదు, రిలే" అంది. అందరూ బల్ల చుట్టూ చేరి వాదించుకోసాగారు. మాస్టారు వాళ్ళ మధ్యకు వెళ్ళాడు.

ఆమె కొంతసేపు వాళ్ళ వీపుల వెనక నిలబడి విన్నది. వాదన సాగుతూనే ఉంది. ఇక తనతో పనిలేదని అర్థమైంది. వెళ్తున్నానని చెబుదామని రెండుసార్లు చూసింది గానీ, మధ్యలో కదిలించాలనిపించలేదు. కుర్చీ మీది సంచీ తీసుకుని బయటికి నడిచింది. బస్సు స్టాపు దాకా దారిలో, ఎవరూ లేని చోట, ఆ చప్పుడు ఇంకోసారి చేసి చూసుకుంది. స్స్స్ అన్నది ఆగి వచ్చింది. ఆ మాట వాళ్ళకు చెప్పనే లేదు. వెనక్కి వెళ్దామా అనుకుంటుండగా బస్సు వచ్చింది. ఎక్కింది.